‘ఆ బాబుకి టీసీ ఇచ్చేయండి’ అంటున్నారు, ఏం చేయను?

గోదావరి వైపు ఓ చిన్న పట్టణంలో ప్రైవేటు స్కూలు నడుపుతున్న ఒకావిడ చాలా పెద్ద ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వద్దన్నారు, పిల్లల వివరాలు నేనే కొంచెం అటూఇటూ మార్చాను. ఉత్తరం మొత్తం ఇక్కడ పెట్టలేను, అందులో ముఖ్యమైన సంగతులు చెబుతాను.

ఆవిడకి 38 ఏళ్లు, ఎమ్మెస్సీ బీఈడీ. స్కూలు మామగారు 1996లో పెట్టింది. అప్పుడు రెండు తాటాకు పాకలు, ఇప్పుడు రెండంతస్తుల బిల్డింగు, నర్సరీ నుంచి పది దాకా 420 మంది పిల్లలు, ఏడాదికి సుమారు 24 వేలు ఫీజు. మామగారికి ఒంట్లో బాగోక రెండేళ్ల కిందట ప్రిన్సిపాల్ బాధ్యత ఈవిడకి ఇచ్చారు, కరస్పాండెంట్ మాత్రం ఇప్పటికీ ఆయనే. భర్తకి వేరే వ్యాపారం ఉంది, స్కూలు గొడవల్లో తలదూర్చరు.

ఈవిడ అక్క కొడుకుకి ఆటిజం. విజయవాడలో నాలుగు స్కూళ్లు ఆ బాబుని చేర్చుకోలేదట. “మా అక్క పడ్డ బాధ చూశాక, నా చేతికి స్కూలు వస్తే ఏ పిల్లాణ్ణీ గేటు దగ్గర్నుంచి వెనక్కి పంపకూడదనుకున్నాను” అని రాశారు. అనుకున్నట్టే ఈ జూన్‌లో రెండో తరగతిలో ఏడేళ్ల బాబుని చేర్చుకున్నారు. వాడికీ ఆటిజమే. మాటలు తక్కువ, కానీ స్కూలు బస్సుల నంబర్లన్నీ గడగడా చదువుతాడు. స్కూలు గేటుకి ‘అందరికీ చదువు’ అని బ్యానర్ కూడా కట్టించారు. అంతకుముందే స్కూల్లో ఇంకో ఇద్దరు పిల్లలున్నారు. నాలుగో తరగతిలో సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కాళ్లూ చేతులూ సరిగా కదలని పరిస్థితి) ఉన్న బాబు, వాడు మెట్లెక్కలేడని ఆ తరగతి మొత్తాన్నీ కింది అంతస్తుకి మార్చారు. ఆరో తరగతిలో ఒకమ్మాయి, నోటితో అడిగితే అన్నీ చెబుతుంది, పుస్తకం ఇచ్చి చదవమంటే మాత్రం రెండు లైన్లు దాటదు. టీచర్లు ఆ అమ్మాయికి బద్ధకం అంటున్నారు.

సెప్టెంబర్‌లో సమస్య వచ్చింది. ఇంటర్వెల్ గంట కొట్టాక లైన్లో నిలబడినప్పుడు రెండో తరగతి బాబు ముందున్న పిల్లాడి చేయి కొరికాడు, రక్తం వచ్చింది. రెండు వారాల్లో అది మూడోసారి. 11 మంది తల్లిదండ్రులు సంతకాలు పెట్టి కాగితం ఇచ్చారు, ఆ బాబుని తీసేస్తారా, మా పిల్లల్ని మేం తీసుకెళ్లమంటారా అని. వాట్సాప్ గ్రూపులో రోజుకో రభస. క్లాస్ టీచరుకి 14 ఏళ్ల సర్వీసు, స్కూల్లో అందరికంటే మంచి టీచరు, ఆవిడ గదిలో 44 మంది పిల్లలు. “దసరా తర్వాత కూడా ఆ బాబు ఉంటే నేను మానేస్తాను మేడం” అన్నారట. మామగారేమో “సెలవుల్లో వాళ్లమ్మని పిలిచి మంచి మాటలు చెప్పి టీసీ చేతిలో పెట్టు, మనం నడిపేది ఆశ్రమం కాదు” అన్నారు. వైకల్యం ఉన్న పిల్లలకి నేర్పడంలో శిక్షణ పొందిన స్పెషల్ ఎడ్యుకేటర్ని ఒకరిని పిలిచి మాట్లాడితే నెలకి 22 వేలు అడిగారు, మామగారు ఒప్పుకోలేదు. ఆ బాబు తల్లి రోజూ వాణ్ణి దింపి, ఏం ఫోన్ వస్తుందోనని స్కూలు మెట్ల మీదే కూర్చుంటోంది. మామూలు ఫీజు మీద నెలకి వెయ్యి రూపాయలు అదనంగా కూడా కడుతోంది.

అడిగినవి మూడు. టీసీ ఇవ్వాలా? ఇవ్వకపోతే టీచర్ల మనసు ఎలా మార్చాలి? “అసలు నేను చేసింది తెలివితక్కువ పనా?”

* * *

అమ్మా, మూడోదాంతో మొదలుపెడతాను, మిగతా రెండిటికీ తాళం అందులోనే ఉంది. చేర్చుకోవడం తెలివితక్కువ పని కాదు. చేర్చుకుని, బ్యానర్ కట్టి, మిగతా పనంతా ఆ క్లాస్ టీచరుకి అప్పజెప్పి మీరు ఆఫీసు గదిలో కూర్చున్నారే, అక్కడ తేడా వచ్చింది. కటువుగా అంటున్నానని అనుకోవద్దు, నేను సరిగ్గా ఇదే పని చేసి ఉన్నాను కాబట్టి అంటున్నాను.

ముప్పై ఏళ్లు ప్రభుత్వ బడుల్లో పనిచేశాను, చివరి తొమ్మిదేళ్లు హెడ్‌మిస్ట్రెస్‌గా. ఏడో తరగతిలో వినికిడి లోపం ఉన్న అమ్మాయి చేరితే ముందు బెంచీలో కూర్చోబెట్టించి, మిషన్ ఇప్పించి, నా పని అయిపోయిందనుకున్నాను. రెండేళ్లు ఆ పిల్ల బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు అందంగా రాసుకుంటూ కూర్చుంది. నోటుబుక్ చూసి అందరం మెచ్చుకున్నాం. లెక్కల మాస్టారు బోర్డు వైపు తిరిగి పాఠం చెబుతారనీ, ఆ పిల్లకి ఆయన వీపు తప్ప పెదాలు ఎప్పుడూ కనపడలేదనీ, ఆ పిల్ల తొమ్మిదిలో అన్నీ ఫెయిలయ్యాక గానీ నాకు తెలియలేదు. తెలిసింది కూడా ఎలాగంటే, ఒక రోజు వేరే పని మీద వెళ్లి ఆ గదిలో వెనక బెంచీలో పావుగంట కూర్చున్నాను, అంతే.

ఇప్పుడు మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన సంగతి చెబుతాను, మీరు దాన్ని ఒక్క లైనులో రాసి వదిలేశారు. నాలుగో తరగతి బాబు మెట్లెక్కలేడని మీరు వాణ్ణి వేరే సెక్షన్లో వెయ్యలేదు, ఆయా చేత మోయించలేదు, తరగతి మొత్తాన్నీ కిందికి దించారు. సహిత విద్య, అంటే వైకల్యం ఉన్న పిల్లలు మిగతావాళ్లతో కలిసి చదవడం అని శిక్షణల్లో గంటలు గంటలు చెప్పేది ఇదే. పిల్లాణ్ణి గదికి తగ్గట్టు మార్చలేం, గదినే పిల్లాడికి తగ్గట్టు మార్చాలి. మెట్లు కంటికి కనిపిస్తాయి కాబట్టి మీకు వెంటనే తట్టింది. రెండో తరగతి బాబుకీ మెట్లున్నాయి, అవి కంటికి కనపడవు. వాడి కోసం మీరు ఏం కిందికి దించారు? ఉత్తరం రెండుసార్లు చదివాను, నాకు ఒక్కటీ దొరకలేదు. అదే గది, అదే 44 మంది, అదే గంట, అదే లైను.

గంట సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మూడుసార్లు కొరికాడని రాశారు. మొదటిది 11 గంటల 10 నిమిషాలకి, ఇంటర్వెల్‌లో. రెండోది “టీచర్స్ డే డాన్స్ ప్రాక్టీసప్పుడు, సౌండ్ బాక్సు దగ్గర”. మూడోది మళ్లీ ఇంటర్వెల్ లైన్లో. మీ గంట రెండో తరగతి గుమ్మం పక్కనే వేలాడుతుందని వేరే సందర్భంలో, గది మార్పు గురించి చెబుతూ రాశారు. ఈ నాలుగు ముక్కలూ ఉత్తరంలో నాలుగు చోట్ల ఉన్నాయి, ఎక్కడా కలిపి చూడలేదు మీరు. ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకి కొన్ని శబ్దాలు మనకి వినిపించినట్టు వినిపించవు, భరించలేనంతగా ఉంటాయి. దానికి తోడు ఒకరి మీద ఒకరు పడుతూ లైను, వెనక నుంచి తోపులాట, నోటితో “వద్దు” అని చెప్పే మాట రాదు. పళ్లు ఒక్కటే మిగిలాయి. నా ఊహ తప్పయి కూడా ఉండొచ్చు, అప్పటికి ఆకలేస్తుందేమో, ఒంటికి వస్తే చెప్పలేకపోతున్నాడేమో. అందుకే సెలవులిచ్చేలోగా ఉన్న పది రోజులూ ఒక చిన్న పుస్తకంలో మూడు గళ్లు గీసి రాయించండి: ముందు ఏం జరిగింది, వాడు ఏం చేశాడు, వెంటనే మిగతావాళ్లు ఏం చేశారు. టీచరు చేత కాదు, ఆవిడకి చేతిలో 44 ఉన్నాయి. మీరు రాయండి. వాళ్లమ్మని కూడా అడగండి, ఇంట్లో మిక్సీ వేసినప్పుడు, కుక్కర్ విజిల్ వచ్చినప్పుడు ఏం చేస్తాడని. నాలుగు నెలలుగా మెట్ల మీద కూర్చున్న మనిషిని ఈ ఒక్క ప్రశ్న ఎవరూ అడిగి ఉండరని నా అనుమానం.

సరే, టీసీ. మీ మామగారి మాట వింటే ఏమవుతుందో చూద్దాం. ఎనిమిదో తరగతి అయ్యేదాకా ఏ పిల్లాణ్ణీ బడి నుంచి తీసేయకూడదని 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది, ప్రైవేటు స్కూలైనా అంతే. 2016 వికలాంగుల హక్కుల చట్టమైతే గుర్తింపున్న ప్రతి స్కూలూ వైకల్యం ఉన్న పిల్లల్ని వివక్ష లేకుండా చేర్చుకోవాలి, వాళ్లకి కావలసిన సర్దుబాట్లు చేయాలి అంటుంది. ఆ చట్టంలో ఉన్న 21 రకాల్లో ఆటిజం ఉంది, సెరిబ్రల్ పాల్సీ ఉంది, మీ ఆరో తరగతి అమ్మాయికి ఉందేమోనని నాకు అనిపిస్తున్న చదివే ఇబ్బంది కూడా ఉంది. “తల్లే స్వయంగా అడిగి తీసుకుంది” అని రాయించుకుంటే చట్టం అడ్డు రాదని మామగారు అనొచ్చు. మంచి మాటలతో ఇచ్చిన టీసీ ఎలా ఉంటుందో మీ అక్కని అడగండి. ఇంకో సంగతి కూడా ఆలోచించండి. 11 సంతకాలు పెడితే ఒక పిల్లాడు వెళ్లిపోతాడని అందరికీ తెలిసిపోతుంది. తర్వాత “నాలుగో తరగతి బాబు వల్ల సిలబస్ వెనకపడుతోంది” అని కాగితం వస్తే అప్పుడేం చెబుతారు? అలాగని టీసీ ఇస్తే మీకు కలిసొచ్చేది ఏమీ లేదని అనను. టీచరు ఉంటారు, వాట్సాప్ చల్లబడుతుంది, ఇంట్లో మాటలు పడక్కర్లేదు. అవన్నీ నిజమే.

పిల్లాడికి స్పెషల్ స్కూలే మేలేమో అనే ప్రశ్న కూడా మీ మనసులో ఉంది, అడగలేదు కానీ నాకు కనిపించింది. కొందరికి కొంతకాలం అది మేలే కావచ్చు, దాని గురించి మాట్లాడటం పాపమేమీ కాదు. కాకపోతే ఆ నిర్ణయం తల్లిదండ్రులది. నిర్ణీత స్థాయి (కనీసం 40 శాతం) వైకల్యం ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ల దాకా దగ్గర్లోని బడిలో గానీ స్పెషల్ స్కూల్లో గానీ ఉచితంగా చదువుకునే హక్కుంది, ఎంచుకునేది వాళ్లు. మీ ఊరికి అలాంటి స్కూలు ఎంత దూరంలో ఉందో ముందు కనుక్కోండి, అరవై కిలోమీటర్ల అవతల ఉంటే దాన్ని దారి అనలేం.

టీసీ ఇవ్వకూడదనుకుంటే నాకు కనిపిస్తున్న దారులు ఇవి. ఏదీ పూర్తిగా బాగుండదు, ముందే చెబుతున్నా.

తల్లిని మెట్ల మీద నుంచి లేపి తరగతిలో కూర్చోబెట్టడం అన్నిటికంటే సులువు, ఖర్చు లేదు, చాలా స్కూళ్లు చేసేదీ ఇదే. నెల రోజులకైతే మంచిదే, వాడి సంజ్ఞలు టీచరుకి అర్థమయ్యేలా చెప్పగలిగేది ఆవిడే. నెల దాటిందా, పిల్లాడు స్కూలు పిల్లాడు కాకుండా పోతాడు, అమ్మతో వచ్చిన చుట్టం అయిపోతాడు. టీచరు వాడి వైపు చూడటం మానేస్తారు. ఆ తల్లికి ఉద్యోగం, ఇల్లు, ఇంకో పిల్లో పిల్లాడో ఉంటే వాళ్ల సంగతి ఎవరు చూస్తారు? చేస్తే తేదీ రాసుకుని చేయండి, ఫలానా రోజుతో ఆపేస్తాం అని.

సగం పూటే రమ్మనడం కూడా ఇలాంటిదే. ఇంటర్వెల్ దాకా ఉండి వెళ్లిపోతే అందరికీ హాయిగా ఉంటుంది, అందుకే అది ఎప్పటికీ సగం పూటగానే ఉండిపోతుంది. తప్పదనుకుంటే రెండు వారాలు, వారానికి అరగంట చొప్పున పెంచుతూ, తల్లి ఒప్పుకుంటేనే.

ఖాళీ గది ఒకటుంది, అందులో ముగ్గురినీ కూర్చోబెడదామా అని కూడా ఒకచోట రాశారు. రోజులో అరగంటో గంటో చదివించడానికి, చప్పుడు ఎక్కువైనప్పుడు కాసేపు కూర్చోడానికి ఆ గది చాలా బాగుంటుంది, తప్పక చేయండి. రోజంతా మాత్రం వద్దు. ఆటిజం ఉన్న ఏడేళ్లవాడూ, మెట్లెక్కలేని తొమ్మిదేళ్లవాడూ, చదవలేని పదకొండేళ్లమ్మాయీ, ముగ్గురికీ కలిసి నేర్చుకునేది ఏముంది? అది స్టోర్ రూము అవుతుంది.

స్పెషల్ ఎడ్యుకేటర్ విషయంలో మాత్రం మామగారితో లెక్కల్లోనే మాట్లాడండి. 22 వేలు పది నెలలకి 2 లక్షల 20 వేలు. ఆ 11 మందీ వెళ్లిపోతే పోయే ఫీజు 2 లక్షల 64 వేలు. అంటే ఆయన భయపడుతున్న నష్టం కంటే ఆ జీతం తక్కువే. పైగా మీకు ఆ మనిషి వారానికి ఆరు రోజులు అక్కర్లేదు. మీ ఊళ్లో మీలాంటి స్కూళ్లు ఇంకో రెండున్నా, ఆ స్కూళ్లలోనూ ఇలాంటి పిల్లలు ఉండే ఉంటారు, వెనక బెంచీల్లో. మూడు స్కూళ్లూ పంచుకుంటే నెలకి ఏడు వేల చిల్లర, వారానికి రెండు రోజులు. పోటీ స్కూలు ఆయనతో మాట్లాడటం మామగారికి నామోషీ కావచ్చు, మీరే ఫోన్ చేయండి. తీసుకునేటప్పుడు, ఇలాంటివాళ్లని నమోదు చేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, వారం రోజుల కోర్సు చేసి బోర్డు పెట్టేసినవాళ్లు చాలామంది తిరుగుతున్నారు. ఆ వచ్చిన మనిషిని పిల్లాడి పక్కన కూర్చోబెట్టే పని పెట్టకండి. క్లాస్ టీచరుకి నేర్పడం, ఒక పేజీ ప్లాను రాయడం, రెండూ చాలు. ఆ ప్లానులో ఈ టర్ముకి మూడే మూడు సంగతులు రాయండి. ఉదాహరణకి కొరకడం బదులు ‘వద్దు’ కార్డు చూపించడం, టాయిలెట్‌కి అడగడం, ఇరవై లోపు కూడికలు. కింద తల్లి సంతకం, మీ సంతకం. దాన్నిబట్టే వాడి ప్రోగ్రెస్ రాయండి, 44 మందిలో ఎన్నో ర్యాంకు అని కాదు.

మీ మండలంలో భవిత కేంద్రం ఉంటుంది, వైకల్యం ఉన్న పిల్లల కోసం ప్రభుత్వ విద్యా పథకం సమగ్ర శిక్షా వాళ్లు నడిపేది. అక్కడ పనిచేసే సహిత విద్య రిసోర్స్ టీచర్ల మొదటి బాధ్యత ప్రభుత్వ బడుల పిల్లలే, కాబట్టి మీ స్కూలుకొచ్చి పాఠం చెప్పమని అడగకండి. వెళ్లి ఓ పూట కూర్చోండి, క్లాస్ టీచర్నీ తీసుకెళ్లండి. వాళ్లు ఏమేం చేస్తున్నారో చూస్తే ధైర్యం వస్తుంది.

ఇంక టీచర్ల మనసు మార్చడం. మార్చక్కర్లేదు. ఆదివారం పూట ఎవరినో పిలిపించి మూడు గంటలు మోటివేషన్ క్లాసు పెట్టించకండి, ఆ సమోసాల ఖర్చు దండగ. ఉత్తరం నాలుగో పేజీలో మీరు రాసింది గుర్తుందా? యూనిట్ టెస్టుల్లో క్లాసు యావరేజీని బట్టి మీ స్కూల్లో టీచర్లకి ఇంక్రిమెంట్. అంటే ఆవిడ జీతాన్ని ఒక తాసులో పెట్టారు, ఇంకో తాసులో ఈ బాబుని కూర్చోబెట్టారు, పైగా ఆవిడ మనసులో దయ లేదని బాధపడుతున్నారు. ముందు ఆ పద్ధతి తీసేయండి, కనీసం ఐదో తరగతి వరకైనా. అది మీ చేతిలో లేదు, మామగారి చేతిలో ఉంది అంటే, కనీసం ఈ ముగ్గురి మార్కులూ యావరేజీలో కలపకండి, అది మీరు చేయగలరు.

తర్వాత ఆవిడ దగ్గరికి మీరే వెళ్లండి, ఆఫీసుకి పిలిపించకుండా. జూన్‌లో మిమ్మల్ని అడక్కుండా, మీకేమీ చెప్పకుండా బాబుని మీ గదిలో కూర్చోబెట్టాను, అది నా తప్పు అని చెప్పండి. పెద్దగా ఉపన్యాసం వద్దు, ఆ ఒక్క మాట చాలు. ఆ వెంటనే ఆవిడ భారం ఏదైనా తీసేయండి. వారానికి నాలుగు పీరియడ్లు రెండో తరగతికి మీరు చెప్పండి, ఎమ్మెస్సీ చేశారు, కూడికలు చెప్పలేరా? కాపీలు దిద్దే పని వేరేవాళ్లకి ఇవ్వండి. 44 మందిని రెండు సెక్షన్లు చేయడం కుదిరితే అన్నిటికంటే మంచిది, కుదరదని నాకూ తెలుసు. ఇంత చేసినా ఆవిడ మానేస్తానంటే, మానేయొచ్చు. పద్నాలుగేళ్ల టీచర్ని పోగొట్టుకోవడం చిన్న నష్టం కాదు, దాన్ని తక్కువ చేసి చెప్పను. కానీ “ఆ బాబు ఉంటే” అన్న మాటలో నాకు వినిపించింది “ఒక్కదాన్నే ఇలా చేయలేను” అని. రెండూ ఒకటి కాదు.

తరగతిలో మార్చాల్సినవి నిజానికి చిన్నవి. రోజు టైంటేబుల్ బొమ్మల్లో గీసి గోడకి అంటించండి, ప్రేయర్, తెలుగు, ఇంటర్వెల్, లెక్కలు, భోజనం, ఇలా. మిగతా 43 మంది కూడా చూసుకుంటారు, చూడండి. చెప్పే పని ఒక్కోసారి ఒక్కటే చెప్పాలి. “పుస్తకం తీసి, పేజీ తిప్పి, పైన తేదీ రాసి…” అంటే వాడు పుస్తకం దగ్గరే ఆగిపోతాడు. ఇంటర్వెల్‌కి రెండు నిమిషాల ముందే, ఇద్దరు స్నేహితులతో బయటికి పంపేస్తే లైను గొడవే ఉండదు. గంటని అక్కడి నుంచి తీసి ఆఫీసు దగ్గర కట్టండి, దీనికి మామగారి అనుమతి అక్కర్లేదనుకుంటాను. బస్సు నంబర్ల సంగతి కూడా వాడుకోండి, కూడికలకి ఆ నంబర్లే ఇవ్వండి. అయితే ప్రతి ఆటిజం పిల్లాడిలోనూ ఏదో అద్భుత ప్రతిభ దాగి ఉంటుందని చెప్పేవాళ్ల మాట నమ్మకండి. వాడికి బస్సులిష్టం, అంతే. ప్రతిభ లేకపోయినా వాడికి బెంచీలో చోటు ఉండాల్సిందే.

ఆయా దగ్గరైతే వాడు ప్రశాంతంగా కూర్చుంటాడని రాశారు. ఆవిడని పిలిచి అడగండి, ఏం చేస్తే కుదురుగా ఉంటున్నాడని. స్టాఫ్ మీటింగులో కుర్చీ వేసి కూర్చోబెట్టి అడగండి. కానీ వాణ్ణి ఆవిడకి అప్పగించేయకండి. అదనంగా ఏ పని చెప్పినా అదనంగా డబ్బివ్వండి.

డబ్బంటే గుర్తొచ్చింది. ఆ తల్లి దగ్గర తీసుకుంటున్న వెయ్యి. ఈ నెల నుంచి ఆపేసి ఇప్పటిదాకా తీసుకున్నది తిరిగి ఇచ్చేయండి. ఆ వెయ్యికి బదులుగా ఆవిడకి మీరు ఏమీ ఇవ్వలేదు, మెట్ల మీద చోటు తప్ప. చట్టం ప్రకారం మీరు చేయాల్సిన సర్దుబాటుకి ఆవిడ దగ్గర అద్దె వసూలు చేసినట్టయింది. మీకు ఆ ఉద్దేశం లేదని నాకు తెలుసు, ఆవిడే ఇస్తానని ఉంటుంది. అలా ఇచ్చేవాళ్లు దేనికీ నోరెత్తి అడగలేరు, అందుకే ఇస్తారు.

ఆ 11 మంది సంగతి. వాళ్లు దుర్మార్గులేం కాదు. పిల్లాడి చేతి మీద పళ్ల గాట్లు చూసిన తల్లికి చట్టం సెక్షన్లు చెబితే ఒళ్లు మండుతుంది. వాట్సాప్‌లో ఒక్క ముక్క కూడా రాయకండి. అందరినీ కలిపి మీటింగూ పెట్టకండి, గుంపులో ఎవరూ తగ్గరు. ముందు ఆ కరిపించుకున్న బాబు ఇంటికి వెళ్లండి. మీ బాబుకి స్కూల్లో దెబ్బ తగిలింది, చూసుకోవాల్సింది నేను, చూసుకోలేదు అని చెప్పండి. గంట మారుస్తున్నాం, లైను మారుస్తున్నాం, ఇంటర్వెల్‌లో నేనే ఉంటున్నాను అని కచ్చితమైన పనులు చెప్పండి. తర్వాత మిగతావాళ్లని ఇద్దరిద్దరుగా పిలవండి. ఒకరిద్దరు పిల్లల్ని తీసుకెళ్లిపోతారు, వెళ్లనివ్వండి. ఆ బాబు జబ్బు పేరేంటి, మందులు వాడుతున్నాడా అని అడుగుతారు, వాళ్లమ్మ అనుమతి లేకుండా ఆ పేరు మీ నోట రాకూడదు. పిల్లలకి మాత్రం మామూలుగా చెప్పొచ్చు, వాడికి పెద్ద చప్పుడు పడదు, చెవులు మూసుకుంటే కాస్త దూరం జరగండి అని. రెండో తరగతి పిల్లలకి అంతకంటే అక్కర్లేదు, చెప్పిన మర్నాడే ఎవరో ఒకరు వాడికి కాపలా మొదలుపెడతారు.

నాలుగో తరగతి బాబు గురించి ఒక్క మాట. ఆటల పీరియడ్లో వాడు “అందరి బ్యాగులూ చూసుకుంటూ సంతోషంగా కూర్చుంటాడు” అని రాశారు. తరగతినైతే కిందికి దించారు, గ్రౌండులోకి మాత్రం వాడు రాలేదన్నమాట. పీఈటీ మాస్టారితో మాట్లాడండి, కూర్చుని ఆడే త్రోబాల్ ఉంది, క్యారమ్స్ ఉంది, స్కోరు రాయడం ఉంది. ఇద్దరు ముగ్గురు స్నేహితులు వాడితో కలిసి ఆడేలా మార్చుకోండి.

ఆరో తరగతి అమ్మాయి విషయం ఇంత గొడవలో మరుగున పడిపోయింది, నాకు అన్నిటికంటే టెన్షన్ ఆ పిల్ల గురించే. కొరకదు, ఏడవదు, ఎవరూ సంతకాలు పెట్టరు, నిశ్శబ్దంగా వెనకబడిపోతుంది. బద్ధకం అన్న మాట స్టాఫ్‌రూములో నిషేధించండి. ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల ప్రశస్త్ అనే యాప్‌లో మామూలు టీచర్లు నింపే చెక్‌లిస్టు ఉంది, అది నింపితే అనుమానం ఎంతో తెలుస్తుంది. అది పరీక్ష కాదు, దాన్ని చూసి పేరు పెట్టేయకండి. అసలు పరీక్ష సైకాలజిస్టు చేయాలి, వీలైతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్న మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ దాకా వెళ్లి రావడం మంచిది. ముందు వాళ్ల నాన్నతో మాట్లాడండి, మీ అమ్మాయికి తెలివి ఉందని మొదలుపెట్టి. ఈలోగా స్లిప్ టెస్టులు నోటితో పెట్టండి, ఎవరి అనుమతీ అక్కర్లేదు. పదో తరగతిలో అదనపు టైము, స్క్రైబు (చెబుతుంటే జవాబులు రాసిపెట్టే మనిషి) లాంటివి కావాలంటే సర్టిఫికెట్ కావాలి, పదిలోకి వచ్చాక పరుగెత్తితే ఆలస్యం అవుతుంది.

మామగారి గురించి నేను చెప్పగలిగేది తక్కువ, ఆయన మీకు తెలుసు. 1996లో తాటాకు పాకలో ఆయన స్కూలు ఎందుకు పెట్టారో మీరు రాయలేదు. ఎప్పుడైనా అడిగారా? డబ్బు కోసమే అయితే ఆ రోజుల్లో రొయ్యల చెరువు తవ్వేవారు కదా. ఒక సాయంత్రం కాఫీ ఇచ్చి అడగండి, వాదించడానికి కాదు, వినడానికి. తర్వాత ఆ 2 లక్షల 20 వేల లెక్క ఆయన ముందు పెట్టి, టీసీ మాట సంక్రాంతి దాకా ఎత్తొద్దని అడగండి. పూర్తిగా ఒప్పించడానికి చూడకండి, మూడు నెలల గడువు తీసుకోండి. ఆ మూడు నెలల్లో కొరకడం తగ్గకపోతే మళ్లీ కూర్చుని, తల్లినీ స్పెషల్ ఎడ్యుకేటర్నీ పక్కన పెట్టుకుని ఆలోచిద్దాం. అప్పటికి చేతిలో ఆ మూడు గళ్ల పుస్తకం ఉంటుంది, ఇప్పుడున్నట్టు ఒట్టి భయం కాదు.

బ్యానర్ మాత్రం దింపేయండి. తర్వాత ఎప్పుడైనా కట్టుకోవచ్చు.

సోమవారం 11 గంటలకి, అంటే గంటకి పది నిమిషాల ముందే, రెండో తరగతిలో వెనక బెంచీలో కూర్చోండి. ఫోన్ ఆఫీసులో వదిలేసి వెళ్లండి. గంట కొట్టినప్పుడు వాడి చేతులు ఎక్కడికి వెళ్లాయో చూసి నాకు రాయండి.